డెబ్బై వేలమంది తరఫున ఒక్కడు!

గోడకి ఓ విల్లు వేలాడుతోంది. ఎర్రటి ఇనుప విల్లు. ఆ ఇంటికొచ్చిన అతిథి దాని ముందు ఆగిపోయాడు. పాలిపోయిన మొహం, మెడచుట్టూ బొచ్చు కుట్టిన బరువైన అంగీ, మాటకి ముందు దగ్గు. చెయ్యి తనకి తెలీకుండానే పైకి లేచింది. వేళ్ళు ఇంకో జానెడు దూరంలో ఉన్నాయనగా వెనకనించి ఇంటి యజమాని గొంతు వినిపించింది. యజమానంటే మామూలువాడు కాదు, రాకుమారుడు. ముట్టుకోవద్దన్నాడు. దాని సొంతదారుకి పరాయివాళ్ళు తన వస్తువుల మీద చెయ్యి వెయ్యడం ఇష్టం ఉండేది కాదన్నాడు. అతిథి చెయ్యి గాలిలోనే ఆగింది. క్షమించమన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అంతే సీను! కత్తులు లేవు, గుర్రాలు లేవు, గుండెలు బాదుకునే వాద్యఘోష లేదు. కానీ ఆ విల్లు ఆ అతిథిదే! 'పరాయివాడు' అనిపించుకున్న ఆ రోగిష్టి మనిషే దాని అసలు సొంతదారు. అడ్డుకున్నవాడు అతని ప్రాణస్నేహితుడు. చచ్చిపోయాడనుకున్న మిత్రుడి విల్లుని కళ్ళకద్దుకుని కాపాడుకుంటూ, బతికొచ్చిన మిత్రుణ్ణి మాత్రం ఎవరో అన్నట్టు దూరంగా నిలబెట్టాడు.

నేను బొమ్మ అక్కడ ఆపేసి కాసేపు ఊరికే కూచున్నాను. ఎన్నో జానపదాలు చూశాం, ఎన్నో మారువేషాలు చూశాం. మారువేషం అంటే మనకి గడ్డం, పిలకా, కిరీటం తీసేసి తలగుడ్డా! ఆఖరి రీల్లో గడ్డం లాగేస్తే అందరూ 'ఆఁ' అని నోరు తెరుస్తారు. ఇక్కడ లాగెయ్యడానికి గడ్డమే లేదు. మొహమే మారిపోయింది.

ఈ బొమ్మ పేరు 'నిర్వాణ ఇన్ ఫైర్'. చైనా భాషలో 'లాంగ్యా బాంగ్'. 2015 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడి టీవీలో వచ్చిన 54 ఎపిసోడ్ల సీరియల్. హై యాన్ అనే రచయిత్రి మొదట నవలగా రాసి, స్క్రీన్ ప్లే కూడా తనే రాసింది. దర్శకులు ఇద్దరు - కోంగ్ షెంగ్, లీ శ్యూ. సీరియల్ అనగానే మూతి విరవకండి. మన సీరియళ్ళలాగా ఒక చెంపదెబ్బని మూడువైపులనించీ మూడుసార్లు చూపించే బాపతు కాదు ఇది.

ముందే ఓ హెచ్చరిక. పేర్లు నోరు తిరగవు. అందరూ పొడుగు జుట్టుతో, పొడుగు అంగీలతో ఒక్కలాగే కనిపిస్తారు. మా స్నేహితుడొకడు మూడో ఎపిసోడ్‌లోనే "ఎవడు ఎవడికి తమ్ముడో తెలిసేలోగా నాకు పెళ్ళీడు దాటిపోతుంది" అని లేచిపోయాడు. నేను ఓ కాగితం మీద వంశవృక్షం గీసుకుని కూచున్నాను. అయిదు ఎపిసోడ్లు ఓపిక పడితే చాలు. ఆ తరవాత కాగితంతో పని ఉండదు.

కథేమిటంటే...

అనగనగా ల్యాంగ్ రాజ్యం. రాజధాని జిన్‌లింగ్. పన్నెండేళ్ళ కిందట ఆ రాజ్యానికి చీయన్ సైన్యం అని ఓ సైన్యం ఉండేది. చీయన్ అంటే ఎర్రని జ్వాల. డెబ్బై వేలమంది. సేనాపతి లిన్ శ్యే. ఆయన కొడుకు లిన్ షు, ఇరవై కూడా నిండని కుర్రాడు, చురకత్తిలాంటివాడు. ఊళ్ళో అల్లరికి పెద్ద, యుద్ధంలో ముందు వరస. ఆ సైన్యాన్నీ, సేనాపతినీ అభిమానించే పెద్ద రాకుమారుడు ఒకడున్నాడు. ప్రజలకీ అతనంటే ప్రాణం. అదే కొంప ముంచింది! కొడుక్కి మంచిపేరు వస్తోందంటే సింహాసనం మీద కూచున్న తండ్రికి నిద్రపట్టదు కదా.

మెయ్‌లింగ్ అనే మంచుకొండల్లో చీయన్ సైన్యం శత్రువుల్ని తరిమి, ఒళ్ళంతా గాయాలతో, ఆకలితో, మంచులో నిలబడి ఉంది. అప్పుడొచ్చింది మరో సైన్యం. సహాయానికి అనుకున్నారు. తీరా చూస్తే స్వంత రాజుగారి సైన్యమే వాళ్ళ మీద పడింది! ఈలోగా రాజధానిలో ఏం జరిగిందంటే - శ్యే యూ అనే ప్రభువూ, శ్యా జ్యాంగ్ అనే గూఢచారి శాఖ పెద్దా కలిసి, ఒకడి చేతిరాతని అచ్చుగుద్దినట్టు అనుకరించే పండితుణ్ణి పట్టుకుని, ఓ దొంగ ఉత్తరం పుట్టించారు. 'లిన్ శ్యే తిరుగుబాటు చేస్తున్నాడు' అని. రాజు నమ్మాడా? నమ్మాలనుకున్నాడు కాబట్టి నమ్మాడు. పెద్ద రాకుమారుడికి విషం కలిపిన మద్యం వెళ్ళింది. తల్లి ప్రాణం తీసుకుంది. డెబ్బై వేలమందీ చచ్చి రాజద్రోహులయ్యారు.

కొండ అంచున కొడుకు చెయ్యి పట్టుకున్న తండ్రి, బతకమని చెప్పి చెయ్యి వదిలేస్తాడు. మొదటి ఎపిసోడ్ ఆ పీడకలతోనే మొదలవుతుంది.

పన్నెండేళ్ళ తరవాత జిన్‌లింగ్‌కి ఓ పెద్దమనిషి వస్తాడు. పేరు మెయ్ చాంగ్‌సు. ఒంట్లో బాగాలేదు, వైద్యం కోసం వచ్చానంటాడు. ఇంతలో ఓ పుకారు. డబ్బిస్తే లోకంలోని ఏ ప్రశ్నకైనా జవాబు అమ్మే 'లాంగ్యా' మందిరంవాళ్ళు, ఈ మనిషి ఎవరి పక్కన ఉంటే లోకం వాళ్ళదే అని ప్రకటించారట! ఇక చూడండి తమాషా... పట్టపు రాకుమారుడూ, అతని మీద కత్తిగట్టిన తమ్ముడు యూ రాకుమారుడూ, ఇద్దరూ ఈ దగ్గుమనిషి గుమ్మం ముందు బహుమతుల పెట్టెలతో క్యూ కడతారు. అతను ఇద్దరికీ చిరునవ్వే సమాధానం చెబుతాడు. ఇద్దర్నీ కొట్టుకోనిస్తాడు. ఎవ్వరూ పట్టించుకోని, తండ్రి కంటికి ఆనని, ఎప్పుడూ సరిహద్దుల్లో దుమ్ము తింటూ తిరిగే మరో రాకుమారుడు జింగ్‌యన్ దగ్గరికి రహస్యంగా వెళ్ళి, నిన్ను రాజుని చేస్తానంటాడు. విల్లు ఉన్నది ఆ జింగ్‌యన్ ఇంట్లోనే.

శకుని మంచివాడైతే?

ఈ కథ చూస్తున్నంతసేపూ నాకు బృహన్నల గుర్తొస్తాడనుకున్నాను. పన్నెండేళ్ళు, పదమూడో ఏడు, పరాయి కొలువు, దాచుకున్న ఆయుధం... 'నర్తనశాల' (1963) చూసిన ఎవరికైనా అదే తడుతుంది. కానీ నాలుగో వంతు అయ్యేసరికి నా బుర్రలో బృహన్నల వెళ్ళిపోయి ధూళిపాళ వచ్చి కూచున్నాడు!

'శ్రీకృష్ణ పాండవీయం' (1966) చూశారా? అందులో శకుని ఊరికే దుర్మార్గుడు కాదు. దుర్యోధనుడి చెరలో గాంధార రాజకుటుంబం ఆకలితో మాడుతుంది. దొరికిన పిడికెడు మెతుకులూ ఒక్కడికే పెట్టి, వాణ్ణొక్కణ్ణి బతికించి, మిగతావాళ్ళంతా చచ్చిపోతారు. ఆ బతికినవాడు శకుని. తండ్రి ఎముకలతో పాచికలు చేసుకుని, ఆ శత్రువు పక్కనే కూచుని, నవ్వుతూ సలహాలిస్తూ, ఆ వంశాన్ని వేరుతో సహా పెకలించాడు. ధూళిపాళ ఆ పాచికలు విసిరినప్పుడల్లా వెనక ఆకలిచావులు కనిపిస్తాయి.

మెయ్ చాంగ్‌సుది కూడా అదే ఉద్యోగం. చచ్చినవాళ్ళంతా కలిసి ఒక్కణ్ణి బతికించారు. అతను కొలువులోకి వచ్చి పాచికలు వేస్తున్నాడు. మరి ఇతనూ శకునే అయిపోతాడా? నన్ను 54 ఎపిసోడ్లు కూర్చోబెట్టింది ఈ ప్రశ్న ఒక్కటే. ఎవరు గెలుస్తారన్నది ఎలాగూ తెలిసిపోతుంది, అతని తెలివికి అడ్డేదీ ఉండదు. గెలిచేసరికి లోపల మనిషి మిగులుతాడా అన్నదే తేలదు.

రచయిత్రి ఇక్కడ హీరోని వెనకేసుకు రాలేదు. జింగ్‌రుయ్ అనే కుర్రాడున్నాడు, వెన్నలాంటి మనసు. రోగిష్టి స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చి తన ఇంట్లోనే బస ఇచ్చినవాడు. ఆ ఇంటి యజమాని మరెవరో కాదు, మెయ్‌లింగ్ మారణకాండ చేయించిన శ్యే యూ! అన్నం పెట్టిన ఆ కుర్రాడి పుట్టినరోజు విందులో, అందరిముందూ, శ్యే యూ నేరాల ముసుగు తీయిస్తాడు మన హీరో. ఆ ముసుగుతోపాటు ఆ కుర్రాడి పుట్టుక రహస్యం కూడా బయటపడుతుంది. తను తండ్రులనుకున్న ఇద్దరూ తండ్రులు కారు. ఒక్క రాత్రిలో ఇల్లూ, పేరూ, వంశం అన్నీ పోయాయి. వాడు చేసిన తప్పేమిటి? స్నేహితుణ్ణి నమ్మడం!

ఆ సీను చూసి నాకు హీరో మీద కోపం వచ్చింది. కోపం రావాలనే తీశారు. ఆ తరవాత జింగ్‌రుయ్ అతన్ని తిట్టడు, కొట్టడు. నీకు నాకంటే ముఖ్యమైనది ఒకటుంది, నువ్వు దాన్ని ఎంచుకున్నావు అన్న ధోరణిలో నిదానంగా మాట్లాడి వెళ్ళిపోతాడు. తిడితే హీరో కాస్త ఊపిరి పీల్చుకునేవాడేమో.

జింగ్‌యన్ సంగతి మరీనూ. అతనికి ఎత్తులు పన్నేవాళ్ళంటేనే ఒళ్ళుమంట. సైనికుడు, ముక్కుసూటి మనిషి. టీ వద్దని మంచినీళ్ళు తాగుతాడు, పైగా మొండి. అందుకని చిన్నప్పుడు లిన్ షు అతన్ని దున్నపోతని ఏడిపించేవాడు. ఊళ్ళో దొంగచాటుగా మందుగుండు చేసే కార్ఖానా ఒకటి పేలి జనం చచ్చిపోతారు. అది చేయించింది యూ రాకుమారుడు. జింగ్‌యన్ తన సైనికుల్ని వెంటబెట్టుకుని శిథిలాల్లోకి దిగుతాడు. ఆ తరవాత తన సలహాదారుడి మొహం చూడగానే వచ్చిన మొదటి అనుమానం - ఇది నీ పనేనా? అని. అతను అనుమానించిన మనిషి ఎవరో మనకి తెలుసు, అతనికి తెలీదు. మెయ్ చాంగ్‌సు మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలి మాయమవుతుంది. హూ గె అనే నటుడు సంపాదించుకున్న పేరంతా నాకు ఆ ఒక్క క్షణంలో కనిపించింది.

యుద్ధం ఎక్కడ?

బొమ్మలో యుద్ధం ఎప్పుడొస్తుందని ఎదురుచూసేవాళ్ళకి ఓ మాట. మెయ్‌లింగ్ యుద్ధం కొద్ది నిమిషాలే కనిపిస్తుంది. అదీ పీడకలలో ముక్కలు ముక్కలుగా. మధ్యలో వేట శిబిరం మీద యాభై వేలమంది తిరుగుబాటు సైన్యం విరుచుకుపడే ఘట్టం ఒకటుంది. రాజుగారి దగ్గర కాపలా మూడు వేలే. అది బాగానే ఉంటుంది గానీ, అక్కడి గ్రాఫిక్సు చూస్తే మన విఠలాచార్యగారి ట్రిక్కులే నయమనిపిస్తుంది. గుర్రాలు తక్కువ, కేకలు ఎక్కువ.

కానీ యుద్ధం బొమ్మ మొత్తం ఉంది. ఎక్కడంటే, హీరో ఒంట్లో! మంచులో కాలిపోయి, విషపురుగుల కాటుతో బతికిన లిన్ షుకి ఒళ్ళంతా తెల్లబొచ్చు మొలిచి, నాలుక బిగుసుకుపోయి, మాట పడిపోయింది. దానికి వైద్యం రెండు రకాలు. ఒకటి - ఆ రూపంలోనే, కాస్త తగ్గించుకుని, నిండు నూరేళ్ళూ బతకడం. రెండోది - ఎముకలు అరగదీసి, చర్మం ఒలిచి, మామూలు మనిషి రూపం తెచ్చుకోవడం. కానీ బలం పోతుంది, ఆయుష్షు తగ్గిపోతుంది, పాత మొహం ఇక రాదు. లిన్ షు రెండోదాన్ని ఎంచుకున్నాడు. ఎందుకంటే కొలువుకి వెళ్ళాలంటే మొహం కావాలి, డెబ్బై వేలమంది తరఫున మాట్లాడాలంటే నాలుక కావాలి.

అందుకే ఎండలో కూడా అతని పక్కన కుంపటి ఉంటుంది. అందుకే ఆ బొచ్చు అంగీ. ఎత్తు మీద ఎత్తు వేస్తూ మధ్యలో దగ్గుతాడు, వైద్యుడు మందుగిన్నెతో వచ్చి తిడతాడు, పిల్లాడి మనసున్న అంగరక్షకుడు ఫెయ్ ల్యూ కమలాపండు తింటూ బిక్కమొహం వేస్తాడు. ఒకప్పుడు ఆ ఇనుప విల్లు ఎక్కుపెట్టిన చేతులు ఇప్పుడు కుంపటి మీద వెచ్చబెట్టుకుంటున్నాయి. యుద్ధం అంటే ఆ నాలుగు రోజుల మంచుకొండ మాత్రమే కాదు, ఆ తరవాత పన్నెండేళ్ళ చలి కూడా అని ఒక్క డైలాగు లేకుండా చెప్పారు.

మొదటి వైద్యం ఎంచుకోవలసివచ్చిన మనిషి కూడా కథలో ఉన్నాడు. న్యే ఫెంగ్ అనే సేనాని. చచ్చిపోయాడనుకుని అతని భార్య శ్యా దోంగ్ ఏళ్ళ తరబడి దుఃఖాన్ని మోస్తూ తిరుగుతుంది. అతను మాత్రం మృగంలా అడవుల్లో తిరుగుతుంటాడు, మాట రాక. నిజం చెప్పాలంటే ఆ బొచ్చు వేషం పేలవంగా ఉంది, చూడగానే నవ్వొస్తుంది. కానీ ఆ భార్య అతని ఎదటికి వచ్చినప్పుడు ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. మొహం మారిపోయిన మనిషి వేషం వేసిన హూ గె సొంత జీవితంలో కూడా ఓ ప్రమాదం ఉంది. 2006 ఆగస్టులో, ఓ పెద్ద సీరియల్ షూటింగు జరుగుతున్న రోజుల్లో, అతను ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురైంది. తోడున్న సహాయకురాలు చనిపోయింది. అందగాడిగా పేరు తెచ్చుకున్న కుర్రాడి మొహానికీ మెడకీ వందకి పైగా కుట్లు పడ్డాయి. దాదాపు ఏడాదికి మళ్ళీ కెమెరా ముందుకి వచ్చాడు. ఆ మచ్చ కుడికంటి దగ్గర ఇప్పటికీ ఉంది. బతికి బయటపడ్డవాడికి, తోడుపోయినవాళ్ళ బరువు ఎలా ఉంటుందో ఇతనికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. క్లోజప్పుల్లో ఆ కళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది.

అసలు ల్యాంగ్ రాజ్యంలో

బొమ్మలోని ల్యాంగ్ రాజ్యం కల్పితం. ఆ రాజూ, ఆ యుద్ధమూ చరిత్రలో లేవు. కానీ రాజవంశం ఇంటిపేరు 'శ్యావ్' అని పెట్టారు, రాజధానికి నేటి నాన్‌జింగ్ నగరపు పాతపేరు జిన్‌లింగ్ పెట్టారు. ఆ ఇంటిపేరుతో, ఆ నగరంలోనే, నిజంగానే ఒక ల్యాంగ్ రాజ్యం ఉండేది - 502 నుంచి 557 దాకా. నేను కుతూహలం కొద్దీ ఆ చరిత్ర వెతికి చదివాను. చదివాక బొమ్మలోని రాజు నాకు చాలా మంచివాడనిపించాడు!

ఆ నిజం రాజు పేరు శ్యావ్ యాన్. వూ చక్రవర్తి అంటారు. మహా బౌద్ధభక్తుడు, శాకాహారి. మాటిమాటికీ గుడికి వెళ్ళి నన్ను నేను స్వామికి దానం ఇచ్చేసుకున్నానని కూచుంటే, మంత్రులు బోలెడు డబ్బు కట్టి మళ్ళీ విడిపించుకు తెచ్చుకునేవారు. మన దేశంనించి, ఉజ్జయినినించి, పరమార్థుడనే బౌద్ధ పండితుడు సముద్రం దాటి ఆ రాజధానికి చేరింది 548లో. రాజు ఆదరించాడు. కానీ పాపం ఆ పండితుడు గ్రంథాలు విప్పేలోగా కొంప అంటుకుంది.

హౌ జింగ్ అని ఉత్తరాదినించి పారిపోయి వచ్చిన సేనాపతి ఒకడు. వద్దు మొర్రో అని మంత్రులంటున్నా రాజు 547లో చేరదీశాడు. మరుసటేడు వాడే తిరగబడ్డాడు. మధ్యలో యాంగ్‌ట్సీ నది అడ్డు. దాటించిందెవరో తెలుసా? రాజుగారి సొంత తమ్ముడి కొడుకు, శ్యావ్ జెంగ్‌ద! రాజుకి కొడుకులు లేని రోజుల్లో ఇతన్ని దత్తు తీసుకున్నారు. తీరా కొడుకు పుట్టగానే వెనక్కి పంపేశారు. చేతికందిన సింహాసనం జారిపోయిందన్న కడుపుమంట ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. రెల్లుగడ్డి మోసే పడవలని చెప్పి డజన్లకొద్దీ పెద్ద పడవలు పంపి, శత్రువుని ఇవతలి ఒడ్డుకి తెచ్చాడు. హౌ జింగ్ వెంట వచ్చింది ఎనిమిది వేలమందే. ఆ దత్తపుత్రుణ్ణి కొన్నాళ్ళు రాజుగా కూచోబెట్టి, పని అయ్యాక హౌ జింగ్ చంపించేశాడు. ఏ కథారచయితకి ఇంతకంటే మలుపు దొరుకుతుంది?

రాజభవనం కోటని ముట్టడించారు. తలుపులు మూసేనాటికి లోపల లక్షకి పైగా జనం, కవచం తొడిగినవాళ్ళు ఇరవైవేలపై చిలుకు. ముందుచూపుతో బియ్యం బోలెడు పోగేశారు. నాలుగు లక్షల కొలతలు. కానీ వంటచెరకు మరిచిపోయారు, ఉప్పు మరిచిపోయారు, గుర్రాలకి గడ్డి మరిచిపోయారు! బియ్యం ఉంది, వండడానికి పుల్ల లేదు. చివరికి మంత్రుల కచేరీ భవనాన్నే విరగ్గొట్టి పొయ్యిలో పెట్టారు. పరుపుల్లోని గడ్డి కోసి గుర్రాలకి వేశారు. అదీ అయ్యాక సైనికులు కవచాల తోలు ఉడకబెట్టుకున్నారు, ఎలుకల్ని కాల్చుకున్నారు, పిచ్చుకల్ని పట్టుకున్నారు. ఒళ్ళు వాచి, ఊపిరాడక పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది పోయారు. గోడ మీద నిలబడగలిగినవాళ్ళు నాలుగు వేలమంది కూడా మిగల్లేదు. బయటికి కబురు పంపడానికి కాగితపు గాలిపటానికి రాజుగారి ఉత్తరం కట్టి ఎగరేశారట!

బయట సహాయానికి వచ్చిన సైన్యాలు లేవా? ఉన్నాయి. రాజుగారి కొడుకులూ, మనవలూ, సేనాపతులూ పెద్ద పెద్ద దండులతో వచ్చి చుట్టూ దిగారు. దిగి ఒకర్నొకరు చూసుకుంటూ కూచున్నారు. ముందు ఎవడు వెళితే వాడి సైన్యం తరుగుతుంది, తరవాత సింహాసనం పోటీలో వెనకబడతాడు. ఆ లెక్కల్లో కోట పడిపోయింది, 549లో. కూరలు లేక గుడ్లు తిన్న ఆ శాకాహారి రాజు, 86 ఏళ్ళ వయసులో, నోరు చేదుగా ఉందని తేనె అడిగితే ఇచ్చేవాడు లేక ప్రాణం విడిచాడు.

కుట్ర రాజభవనంలో పుడుతుంది, దాని ఆకలి మాత్రం గోడ మీద కాపలా ఉన్నవాడికి పడుతుంది. ఇది తెలిశాక మళ్ళీ బొమ్మ చూస్తే మెయ్‌లింగ్ కల్పన అనిపించలేదు. మంచులో ఆకలితో నిలబడి, సహాయం వస్తోందని దుమ్ము రేగిన దిక్కు చూసి సంబరపడిన ఆ సైనికుల మొహాలు... ఆ రెండు మూడు షాట్లు ఇదివరకు నేను సరిగ్గా చూడనేలేదు.

ఆ గుర్తులు

కథలో హింస అంతా పెద్ద పెద్ద మాటల్లో జరిగితే, ప్రేమ మాత్రం చాలా చిన్న వస్తువుల్లో ఉంది. జింగ్‌యన్ తల్లి ఒకప్పుడు వైద్యం తెలిసిన పిల్ల. కొలువులో నోరెత్తని రాణి. ఆమె కొడుక్కీ, కొడుకు సలహాదారుడికీ పిండివంటల డబ్బాలు పంపుతుంటుంది. కొడుక్కి హేజెల్ గింజల మిఠాయి అంటే ప్రాణం. కానీ ఓ రోజునించీ డబ్బాలో అది మాయం! ఎందుకంటే లిన్ షుకి ఆ గింజ పడదు, తింటే ప్రాణం మీదికి వస్తుంది. అంటే ఆ తల్లి కనిపెట్టేసింది! నోటితో ఒక్క మాట అనలేదు. ఓ మిఠాయి పెట్టడం మానేసింది, అంతే. (వరసపెట్టి ఏడిపించే తల్లి పాత్రలు రాసే మన రచయితలు ఈ డబ్బా సీను ఓసారి చూడాలి.)

జింగ్‌యన్ దగ్గర ఓ ముత్యం ఉంది, పావురం గుడ్డంత. తూర్పు సముద్రానికి వెళుతున్నప్పుడు లిన్ షు తెమ్మన్నాడు. తెచ్చేసరికి తీసుకునేవాడు లేడు. ఆలోచనలో పడితే వేళ్ళతో బట్ట అంచు నలపడం లిన్ షు అలవాటు. మొహం మార్చిన వైద్యుడు వేళ్ళని మార్చలేదు! ఎదట కూచున్న సలహాదారుడు బట్ట అంచు నలుపుతుంటే జింగ్‌యన్ కళ్ళు అక్కడ ఆగుతాయి... అర్థమవుతుందేమోనని మనం ఊపిరి బిగబట్టుకుంటాం... అతనిది దున్నపోతు బుర్ర, అర్థం కాదు! ప్రేక్షకుణ్ణి ఇంతలా ఉడికించిన సీను ఈమధ్య నేను చూడలేదు.

ఒక్క లోటు చెప్పాలి. నీహ్వాంగ్ రాకుమారి ఉంది. దక్షిణ సరిహద్దు సైన్యానికి నాయకురాలు, లిన్ షుకి చిన్ననాడే నిశ్చయమైన వధువు. లియు తావ్ వేసింది. అందర్లోకీ ముందు అతన్ని పోల్చుకునేది ఈమే. లక్ష సైన్యాన్ని నడిపే ఆడమనిషిని తీసుకొచ్చి, సగం కథయ్యేసరికి సరిహద్దుకి పంపేసి, ఉత్తరాలు చదువుకోమన్నారు. అన్యాయం. ఆమెకి ఇంకో పది సీన్లుంటే బొమ్మ స్థాయి ఇంకా పెరిగేది.

చివర్లో రాజుగారి పుట్టినరోజు విందులో, నిండు కొలువులో, శ్యే యూ భార్య, రాజుగారి చెల్లెలు, మొగుడి వాంగ్మూలం పట్టుకుని నిలబడి చదువుతుంది. ఎవడు రాశాడు, ఎవడు పంపాడు, ఎలా చంపారు. ఒక మంత్రి లేచి మళ్ళీ విచారించాలంటాడు. ఇంకొకడు లేస్తాడు. ఇంకొకడు. రాజు అరుస్తాడు, బెదిరిస్తాడు. కత్తి యుద్ధం కంటే ఎక్కువ ఉత్కంఠ నాకు ఆ లేచి నిలబడ్డంలో దొరికింది. ముసలి రాజుగా దింగ్ యోంగ్‌దాయ్ నటన చూసి తీరాలి. దుష్టుడు కాదు, భయస్తుడు. సింహాసనం మీది భయస్తుడు ఎంత ప్రమాదమో ఆయన రెప్పలు చెప్పేస్తాయి.

మెయ్ చాంగ్‌సు అడిగింది రాజ్యం కాదు, శత్రువు తల కూడా కాదు. చచ్చినవాళ్ళ పేర్లమీది 'ద్రోహి' అనే మాట తుడవమన్నాడు. శకుని పాచికలు పట్టుకుని కూడా అతను శకుని కాలేదంటే నాకు తోచిన కారణం అదే. జింగ్‌రుయ్ విషయం మాత్రం నేను ఇప్పటికీ సరిపెట్టుకోలేను. అతనూ సరిపెట్టుకున్నట్టు కనిపించడు.

ఇక ఆఖరు. నాలుగు వైపులనించీ శత్రువులు ఒక్కసారే దండెత్తుతారు. మూడు నెలల బలం ఇచ్చి ఆ తరవాత ప్రాణం తీసే మాత్ర ఒకటుంది. మింగుతాడు. ఆ మంచుకొండలవైపే, పదమూడేళ్ళ తరవాత, మళ్ళీ కవచం తొడిగి, బొచ్చు అంగీ లేకుండా, గుర్రమెక్కి వెళతాడు. ఆ యుద్ధం మనకి చూపించరు. అతని చావూ చూపించరు. అదేమిటని నేను మొదట విసుక్కున్నాను. రెండోసారి చూసినప్పుడు గమనించాను - గుర్రం మీద వెళుతున్న అతను ఒక్కసారి కూడా దగ్గలేదు.